ఇవ్వకూడదు నుంచి ఇవ్వక తప్పదు దాకా: అమెరికాలో సర్కారు సొమ్ము, మతం బడి

1947లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చిన ఎవర్సన్ కేసులో అసలు తగవు 357 డాలర్ల 74 సెంట్ల మీద. న్యూజెర్సీ రాష్ట్రంలోని ఈవింగ్ టౌన్‌షిప్‌కు సొంత హైస్కూలు లేదు. పిల్లలు మామూలు సిటీ బస్సెక్కి పక్కనున్న ట్రెంటన్ వెళ్లి చదువుకునేవారు. ఆ చార్జీలను స్కూలు బోర్డు తల్లిదండ్రులకు తిరిగి చెల్లించేది. కేథలిక్ బడులకు వెళ్లే పిల్లల తల్లిదండ్రులకూ చెల్లించింది. వాళ్ల వాటాకు వచ్చిన మొత్తమే పై అంకె. నా పన్ను సొమ్ముతో చర్చి బడికి బస్సు టికెట్లు కొంటారా అంటూ ఆర్చ్ ఎవర్సన్ అనే పన్ను చెల్లింపుదారు కోర్టుకెక్కాడు.

2022లో అదే కోర్టులో కార్సన్ కేసు తేలింది. ఈసారి ఫిర్యాదు తలకిందులైంది. మెయిన్ రాష్ట్రం మిగతా ప్రైవేటు స్కూళ్లకు ఫీజు కడుతూ, మతబోధన చేసే స్కూళ్లకు మాత్రం కట్టనంటోంది, ఇది మా మతస్వేచ్ఛను కాలరాయడమే అన్నారు తల్లిదండ్రులు. 6-3 తేడాతో గెలిచారు. ఈ రెండు కేసులూ ఒకే రాజ్యాంగ నిబంధన మీద నడిచాయి. మధ్యలో 75 ఏళ్లు గడిచాయి, నిబంధనలో అక్షరం మారలేదు. చర్చికి ప్రభుత్వం సొమ్ము ఇవ్వకూడదని మొదలైన సిద్ధాంతం, పక్కవాడికి ఇస్తే చర్చికీ ఇవ్వక తప్పదన్న చోటికి వచ్చి ఆగింది. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. దీనికి దగ్గరి ఏర్పాటు భారత రాజ్యాంగంలో 1950 నుంచీ ఉంది. అయితే అమెరికా కోర్టు అందులో సగమే పట్టుకుంది. రెండో సగం లేకపోవడంలోనే ఉంది అసలు తిరకాసు.

పదహారు మాటలు

1791లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగ మొదటి సవరణలో మతం గురించి ఉన్నవి ఇంగ్లీషులో పదహారు మాటలే. అధికార మతాన్ని నెలకొల్పే దిశగా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) ఏ చట్టమూ చేయరాదన్నది మొదటి భాగం. ఎవరి మతాన్ని వారు స్వేచ్ఛగా ఆచరించుకోవడానికి అడ్డుపడే చట్టమూ చేయరాదన్నది రెండోది. ఇప్పుడు నడుస్తున్న పోరంతా ఈ రెండు భాగాల మధ్యే. మొదటి భాగాన్ని గట్టిగా లాగితే ప్రభుత్వం మతానికి దూరం జరగాలి. రెండోదాన్ని లాగితే మతస్థులన్న కారణంతో ఎవరికీ ఏదీ కాదనకూడదు.

చర్చికీ రాజ్యానికీ మధ్య ‘గోడ’ అన్న మాట రాజ్యాంగంలో లేదు. 1802 జనవరి 1న అధ్యక్షుడు థామస్ జెఫర్సన్, కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టులకు రాసిన జవాబులోది అది. ఆ రాష్ట్రంలో కాంగ్రిగేషనల్ చర్చి అధికార చర్చి. జనమంతా దానికి పన్ను కట్టాలి. మేం వేరే శాఖవాళ్లమని సర్టిఫికెట్ సమర్పిస్తేనే బాప్టిస్టులకు మినహాయింపు. అంటే మొరపెట్టుకున్నవాళ్లు నాస్తికులు కారు, సాటి క్రైస్తవులే. జెఫర్సన్ వాళ్లకు సానుభూతి చూపగలిగాడు తప్ప చేయగలిగిందేమీ లేదు. మొదటి సవరణ కట్టేసింది కేంద్రంలోని కాంగ్రెస్‌ను, రాష్ట్రాలను కాదు. కనెక్టికట్ అధికార చర్చిని 1818లో వదులుకుంది, మసాచుసెట్స్ 1833 దాకా కొనసాగించింది. రాష్ట్రాలకూ ఈ నిబంధన వర్తిస్తుందని కోర్టు చెప్పడానికి 1868 నాటి పద్నాలుగో సవరణ ఆధారమైంది. ఆ మాట కూడా మతస్వేచ్ఛ భాగం విషయంలో 1940లో, అధికార మతం భాగం విషయంలో 1947లో గానీ రాలేదు. అమెరికా పుట్టినప్పటి నుంచీ ఈ గోడ ఉందనుకోవడం చాలామందికి అలవాటు. దేశమంతటికీ వర్తించే గోడ వయసు సుమారు ఎనభై ఏళ్లే.

సొమ్ము గొడవ మాత్రం పాతదే. 1784లో వర్జీనియాలో క్రైస్తవ బోధకుల జీతాల కోసం పన్ను వేద్దామని పాట్రిక్ హెన్రీ బిల్లు తెచ్చాడు. ఆ సొమ్ము ఏ శాఖకు చెందాలో కట్టేవాడే చెప్పుకోవచ్చు. చూడటానికి న్యాయంగానే ఉంది. జేమ్స్ మాడిసన్ 1785లో దీన్ని ఎదిరిస్తూ రాసిన వినతిపత్రంలో, ఈరోజు ఒక చర్చికి మూడు పెన్నీలు కట్టించే అధికారం ఉన్న ప్రభుత్వానికి రేపు ఇంకేదైనా చేయించే అధికారమూ ఉంటుందని వాదించాడు. బిల్లు వీగిపోయింది. 1786 జనవరిలో జెఫర్సన్ రాసిన మతస్వేచ్ఛ చట్టం వర్జీనియాలో గెలిచింది.

పందొమ్మిదో శతాబ్దంలో ఈ కథకు ఇంకో రంగు అంటుకుంది. ప్రభుత్వ బడులు పేరుకు ఉమ్మడివి, నడకలో ప్రొటెస్టెంటువి. కింగ్ జేమ్స్ బైబిలు చదివించేవారు. ఐర్లాండు, జర్మనీల నుంచి వచ్చిన కేథలిక్కులు అభ్యంతరం చెప్పి, సొంత బడులు పెట్టుకుని, వాటికీ ప్రభుత్వ సొమ్ము అడిగారు. 1844లో ఫిలడెల్ఫియాలో ఈ బైబిలు గొడవ మీద అల్లర్లు జరిగి చర్చిలు తగలబడ్డాయి. మత సంస్థల బడులకు ప్రభుత్వ నిధులు ఇవ్వరాదంటూ 1875లో జేమ్స్ బ్లెయిన్ తెచ్చిన రాజ్యాంగ సవరణ దిగువ సభలో 180-7తో నెగ్గి, సెనేట్‌లో మూడింట రెండొంతుల మెజారిటీ అందక ఆగిపోయింది. అదే నిబంధనను చాలా రాష్ట్రాలు తమ రాజ్యాంగాల్లో పెట్టుకున్నాయి. వాటి పుట్టుకలో కేథలిక్ ద్వేషం ఉందని ఇప్పటి సుప్రీంకోర్టు మెజారిటీ ఎత్తిచూపుతోంది. అది నిజమే. కానీ నిజంలో అది ఒక ముక్క. వర్జీనియా ‘మూడు పెన్నీలు’ వద్దన్ననాటికి అక్కడ కేథలిక్కులు పిడికెడు మందే.

బస్సు సరే, పటం కూడదు

ఎవర్సన్ తీర్పులో జస్టిస్ హ్యూగో బ్లాక్ రాసిన మాటలు తర్వాతి కాలంలో వేదవాక్కులయ్యాయి. మత కార్యకలాపాలను పోషించడానికి, చిన్నదైనా పెద్దదైనా, ఎలాంటి పన్నూ వేయరాదన్నాడు. గోడను ఎత్తుగా, అభేద్యంగా ఉంచాలన్నాడు. అదే కలంతో చివర, న్యూజెర్సీ ఆ గోడకు బీటలు వేయలేదు పొమ్మన్నాడు. 5-4 తేడాతో బస్సు చార్జీలు నిలబడ్డాయి. పిల్లల రవాణా పోలీసు కాపలా, అగ్నిమాపక దళం లాంటి అందరి సౌకర్యమేనన్నది తర్కం. విభేదించిన జస్టిస్ రాబర్ట్ జాక్సన్‌కు ఈ తీర్పు చదివితే, ఒప్పుకోను ఒప్పుకోనని గొణుగుతూనే ఒప్పేసుకున్న ఒక ఆంగ్ల కావ్య నాయిక గుర్తొచ్చిందట. ఎత్తిపొడుపు అలా ఉంచితే, తర్వాతి గందరగోళానికి బీజం పడింది ఇక్కడే. మాటల్లో సంపూర్ణ నిషేధం, చేతల్లో ‘ఇది మతానికి కాదు, పిల్లవాడికి’ అన్న వెసులుబాటు.

1971 నాటి లెమన్ కేసులో కోర్టు మూడు పరీక్షలు పెట్టింది. చట్టం ఉద్దేశం లౌకికమైనదై ఉండాలి. దాని ప్రధాన ఫలితం మతాన్ని పెంచేదిగానూ అణచేదిగానూ ఉండకూడదు. ప్రభుత్వం మతంతో అతిగా చిక్కుపడకూడదు. కాగితం మీద శుభ్రంగా ఉన్న ఈ మూడింటిలో రెండోదీ మూడోదీ ఒకదాన్నొకటి కొరుక్కుతింటాయి. సర్కారు జీతం తీసుకునే లెక్కల మాస్టారు క్లాసులో మతం చెప్పడం లేదని నిర్ధారించాలంటే తనిఖీకి మనిషిని పంపాలి. పంపితే, అదిగో చిక్కుపడ్డారు అంటుంది మూడో పరీక్ష. పంపకపోతే, మతానికి సొమ్ము వెళ్లలేదని రుజువేదీ అంటుంది రెండోది. రోడ్ ఐలండ్, పెన్సిల్వేనియా రాష్ట్రాలు చర్చి బడుల టీచర్లకిచ్చిన జీతాల సాయం ఈ రెండింటి మధ్య నలిగి చచ్చింది.

దాంతో తీర్పులు వస్తువువారీగా విడిపోయాయి. చర్చి బడి పిల్లలకు పాఠ్యపుస్తకాలు అరువివ్వవచ్చని 1968లోనే చెప్పారు. 1975లో పెన్సిల్వేనియా కేసులో గోడ పటాలు, ప్రొజెక్టర్ల వంటి బోధన సామగ్రి ఇవ్వకూడదన్నారు. ఇంటి నుంచి బడికి బస్సు ఇవ్వవచ్చు. అదే బడి నుంచి మ్యూజియానికి బస్సు ఇవ్వకూడదని 1977లో ఒహాయో కేసులో తేల్చారు. పుస్తకం చెల్లుతుంది, పటం చెల్లదు, మరి పటాల పుస్తకమైన అట్లాసు సంగతేమిటని సెనేటర్ డేనియల్ పాట్రిక్ మొయినిహాన్ ఎద్దేవా చేశాడు. గోడ సిద్ధాంతానికి పేరు చెడగొట్టింది దాని ప్రత్యర్థులకన్నా ఈ బాపతు తీర్పులే ఎక్కువ.

ప్రార్థన విషయంలో మాత్రం కోర్టు చాలాకాలం తడబడలేదు. న్యూయార్క్ రాష్ట్ర విద్యామండలి ఏ శాఖకూ చెందకుండా జాగ్రత్తగా కూర్చిన 22 మాటల ప్రార్థనను, ఇష్టం లేని పిల్లలు బయటికి వెళ్లవచ్చన్నా సరే, 1962లో కొట్టేసింది. ప్రార్థన రాయడం సర్కారు పనే కాదంది. మరుసటి ఏడాది, రోజూ పది బైబిలు వచనాలు చదివించే పెన్సిల్వేనియా చట్టమూ పోయింది. అమెరికా బడుల్లో ప్రార్థనను నిషేధించారని తెలుగు వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరిగే మాట అక్కడి నుంచి పుట్టిందే. అది తప్పు. పరీక్షకు ముందు పిల్లవాడు చేతులు జోడించుకుంటే ఆపే హక్కు ఎవరికీ లేదు, ఎన్నడూ లేదు. ఆగింది టీచరు చేయించే ప్రార్థన.

చెక్కు చేతులు మారితే

సొమ్ము విషయంలో అసలు మలుపు 2002లో వచ్చింది. ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్‌లోని పేద పిల్లలకు బడి ఫీజు కట్టుకోవడానికి 2,250 డాలర్ల దాకా ఓచర్ ఇచ్చేది. ప్రైవేటు బడి ఎంచుకుంటే చెక్కు తల్లిదండ్రుల పేరున వచ్చేది. వాళ్లు దాని వెనుక సంతకం పెట్టి బడికి ఇచ్చేవారు. ఓచర్ వాడుకున్న పిల్లల్లో 96 శాతం మంది మత సంస్థల బడుల్లోనే చేరారు. అయినా 5-4తో పథకం నిలిచింది. సర్కారు ఇచ్చింది తల్లికి, తల్లి ఇచ్చింది బడికి, మధ్యలో ఆమె ఇష్టం ఉంది కాబట్టి మతానికి ఇచ్చింది సర్కారు కాదని కోర్టు చెప్పింది. వెనుక పెట్టిన ఆ సంతకంలోనే రాజ్యాంగమంతా ఇమిడిపోయింది. నగరంలో వేరే మంచి బడి అందుబాటులో లేనప్పుడు దాన్ని ఎంపిక అనవచ్చా అన్న ప్రశ్న విభేదించినవారి దగ్గరే ఉండిపోయింది.

అప్పటికి తేలింది రాష్ట్రం ఇవ్వవచ్చు అని మాత్రమే. ఇవ్వకపోతే తప్పని ఎవరూ అనలేదు. 2004లో వాషింగ్టన్ రాష్ట్రం పాస్టరు చదువుకు స్కాలర్‌షిప్ నిరాకరిస్తే కోర్టు 7-2తో సమర్థించింది కూడా. రెండు భాగాల మధ్య రాష్ట్రాలు మెసలడానికి కాస్త చోటు ఉందని అప్పటి ప్రధాన న్యాయమూర్తి విలియం రెన్‌క్విస్ట్ రాశాడు. ఆ చోటు తర్వాతి రెండు దశాబ్దాల్లో కరిగిపోయింది.

మొదలు ఒక ఆటస్థలం. మిస్సోరి రాష్ట్రం పాత టైర్లను తురిమి, ఆ రబ్బరుతో పిల్లల ఆటస్థలాలకు మెత్తటి నేల వేయించుకునేందుకు గ్రాంట్లు ఇచ్చేది. కొలంబియా పట్టణంలోని ట్రినిటీ లూథరన్ చర్చి నడిపే శిశువిహార్ దరఖాస్తు పెట్టుకుంటే, 44 దరఖాస్తుల్లో అయిదో ర్యాంకు వచ్చింది. 14 గ్రాంట్లు ఇచ్చారు గానీ దీనికి ఇవ్వలేదు. కారణం, రాష్ట్ర రాజ్యాంగం చర్చికి సొమ్ము కూడదంటుంది. గులకరాళ్ల మీద పడితే చర్చి పిల్లల మోకాళ్లూ చీరుకుపోతాయి కదా అన్నంత సాదా సీదా కేసు. 2017లో చర్చి 7-2తో గెలిచింది. ఈ తీర్పు ఆటస్థలాల నేలకే పరిమితమని ఒక అధోజ్ఞాపిక (ఫుట్‌నోట్) పెట్టారు. చర్చికి నేరుగా సొమ్ము ఇచ్చి తీరాలని ఈ కోర్టు చెప్పడం ఇదే మొదటిసారని జస్టిస్ సోనియా సోటొమేయర్ హెచ్చరించారు. ఆ అధోజ్ఞాపిక నిలిచింది మూడేళ్లే.

2020లో మోంటానా కేసు. ప్రైవేటు చదువుకు సాయం చేయాలని రాష్ట్రానికి నిర్బంధం లేదు, కానీ చేయాలనుకున్నాక కేవలం మతసంస్థ అన్న కారణంతో కొన్ని బడులను పక్కన పెట్టకూడదు అని 5-4 తీర్పు. 2022లో మెయిన్ కేసు ఇంకో మెట్టెక్కింది. ఆ రాష్ట్రంలో స్కూలు జిల్లాల్లో సగానికి పైగా సొంత హైస్కూలు లేనివే. అక్కడి పిల్లలు ఎంచుకున్న ప్రైవేటు బడికి ప్రభుత్వం ఫీజు కడుతుంది. మేం చర్చి బడి అన్న పేరును చూసి ఆపడం లేదు, మా సొమ్ముతో మతబోధన జరగడాన్నే ఆపుతున్నాం అని రాష్ట్రం వాదించింది. కోర్టు ఆ తేడాను ఒప్పుకోలేదు. చర్చీ రాజ్యాల వేర్పాటే రాజ్యాంగ ఉల్లంఘన అయ్యే చోటికి మనల్ని తీసుకొచ్చారని సోటొమేయర్ రాశారు. ఈసారి అది హెచ్చరిక కాదు, ఉన్న స్థితి.

తీర్పు రాగానే చర్చి బడులు సొమ్ము కోసం వరుస కట్టలేదు. సర్కారు ఫీజు తీసుకునే ప్రతి బడీ వివక్ష నిరోధక చట్టానికి లోబడాలని మెయిన్ శాసనసభ ముందే సవరణ చేసి పెట్టింది. స్వలింగ సంపర్కులను టీచర్లుగా తీసుకోని బడులకు అది మింగుడుపడలేదు. గోడ పోయిన చోట షరతుల మీద కొత్త వ్యాజ్యాలు మొదలయ్యాయి.

ఆఖరి మెట్టు ఓక్లహోమాలో సగంలో ఆగింది. సెయింట్ ఇసిడోర్ అనే కేథలిక్ ఆన్‌లైన్ స్కూలుకు చార్టర్ స్కూలు హోదాను 2023లో అక్కడి బోర్డు మంజూరు చేసింది. చార్టర్ స్కూలంటే ప్రైవేటువాళ్లు నడిపే ప్రభుత్వ బడి. పూర్తి ఖర్చు సర్కారుది. మతం బోధించే ప్రభుత్వ బడి కుదరదని రాష్ట్ర సుప్రీంకోర్టు 2024లో కొట్టేసింది. 2025 మే 22న దేశ సుప్రీంకోర్టు 4-4గా చీలింది. జస్టిస్ ఏమీ కోనీ బ్యారెట్ కేసు నుంచి తప్పుకోవడమే ఆ సమానానికి కారణం. సమానమైతే కింది తీర్పు నిలుస్తుంది, కానీ మిగతా రాష్ట్రాలకు అది ప్రమాణం కాదు. తొమ్మిది మందీ కూర్చునే కేసు ఇంకోటి రావడమే తరువాయి.

ప్రార్థన వైపూ నేల కదిలింది. వాషింగ్టన్ రాష్ట్రం బ్రెమర్టన్ హైస్కూల్లో ఫుట్‌బాల్ సహాయ కోచ్ జోసెఫ్ కెనడీ ఆట ముగియగానే మైదానం నడిమధ్యన మోకరిల్లేవాడు. అది ఒక ఉద్యోగి మౌనంగా చేసుకున్న సొంత ప్రార్థన అని 2022 జూన్‌లో కోర్టు మెజారిటీ అంది. అతని చుట్టూ ఆటగాళ్లు మూగిన ఫొటోలను విభేద తీర్పులోనే అచ్చువేసి చూపించారు సోటొమేయర్. కోచ్ దయ మీద జట్టులో చోటు ఆధారపడిన కుర్రవాడు ఆ గుంపులోంచి పక్కకు తప్పుకోగలడా అన్నదే పాత తీర్పుల అసలు ఆందోళన. కొత్త తీర్పు లెమన్ పరీక్షలను పక్కన పడేసి, చరిత్రలో ఏం ఆచారముందో చూసి తేల్చుకోమంది. లూసియానా 2024లో ప్రతి తరగతి గదిలో కనీసం 11x14 అంగుళాల పది ఆజ్ఞల పోస్టరు పెట్టాలని చట్టం చేసింది ఈ ధీమాతోనే. అలాంటి చట్టాన్నే కెంటకీలో 1980లో కొట్టేశారు.

పిట్స్‌బర్గ్‌లో వెంకన్న, తిరుమలలో వెంకన్న

ఇదంతా చదివి, అమెరికాలో గోడ మొత్తంగా కూలిందనుకుంటే పొరపాటు. సొమ్ము వైపు తలుపు తెరుచుకుంది గానీ అజమాయిషీ వైపు గోడ ఇంకా ఎత్తు పెరిగింది. తెలుగువారికి ఇది సులువుగా అర్థమయ్యేది గుడి దగ్గర. తిరుమలలో పాలకమండలిని రాష్ట్ర ప్రభుత్వం నియమిస్తుంది, కార్యనిర్వహణాధికారి సర్కారు అధికారి. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కును రద్దు చేస్తే, అర్చకుడి నియామకం లౌకిక వ్యవహారమేనంటూ సుప్రీంకోర్టు 1996లో నారాయణ దీక్షితులు కేసులో సమర్థించింది. 1970ల్లో పిట్స్‌బర్గ్ శివారు పెన్‌హిల్స్‌లో వెలసిన వేంకటేశ్వరాలయానికి ఇందులో ఏదీ వర్తించదు. ఆరాధన సంస్థగా లెక్కకొచ్చే ఏ గుడీ పన్ను మినహాయింపు కోసం విడిగా అర్జీ పెట్టుకోనక్కరలేదు. మిగతా లాభాపేక్ష లేని సంస్థలు ఏటా దాఖలు చేసే 990 ఫారం కూడా దానికి అక్కరలేదు. అర్చకుడిని తొలగిస్తే, వివక్ష చూపారంటూ ఉపాధి చట్టం కింద అతను దావా వేసినా నిలవదు. మతబోధకుల నియామకంలో కోర్టులు వేలు పెట్టవని 2012లో అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా చెప్పారు. గుడి కమిటీకి ఇది వరం, అర్చకుడికి శాపం. జీతభత్యాలు, తొలగింపు నోటీసు ఎన్ని రోజులు, తిరుగు టికెట్టు ఎవరిది అన్నవి కాగితం మీద రాయించుకోకుండా వచ్చిన అర్చకుడికి గట్టి ఆసరా లేనట్టే.

ఇంత దూరం పాటించే ప్రభుత్వం కూడా కొన్ని గడపల దగ్గర మతంలోకి తొంగిచూడక తప్పదు. అర్చకులకిచ్చే ఆర్-1 వీసా అలాంటిది. దరఖాస్తుకు ముందు రెండేళ్లుగా ఆ మతశాఖలో సభ్యుడై ఉండాలి, వారానికి కనీసం సగటున 20 గంటల పని ఉండాలి. తొలివిడత 30 నెలల దాకా ఇస్తారు, మొత్తం అయిదేళ్లకు మించదు. పని ప్రధానంగా మతపరమైనదై ఉండాలి. పారిశుధ్యం, గుమాస్తా పని, చందాల వసూలు లెక్కలోకి రావు. అధికారులు గుడికొచ్చి చూసిపోతారు. స్వామికి నైవేద్యం వండే పరిచారకుడి విషయంలో తేడా వచ్చేది ఇక్కడే. మడితో, మంత్రంతో సాగే ఆ పని వాళ్ల ఫైలులో వంటవాడి ఉద్యోగంలా కనిపిస్తుంది. ఏ ఆగమం ప్రకారం, ఏ కైంకర్యంలో భాగంగా, ఎవరు మాత్రమే చేయదగిన పనో అర్జీలోనే వివరంగా రాయకపోతే ప్రశ్నలు తిరిగొస్తాయి.

స్థలం దగ్గర 2000లో వచ్చిన మతసంస్థల భూవినియోగ చట్టం గుళ్లకు పెద్ద అండ. క్లబ్బుకో సినిమా హాలుకో అనుమతించే చోట గుడికి కాదనకూడదు. గట్టి కారణం లేకుండా ఆరాధనపై భారీ భారం మోపకూడదు. అయితే నివాస ప్రాంతంలో ప్రత్యేక అనుమతి కావాలని తెలిసీ ముందు భూమి కొనేసి, తర్వాత పార్కింగు దగ్గరో గోపురం ఎత్తు దగ్గరో ఆగిపోయి ఈ చట్టాన్ని ఆశ్రయించేవాళ్లకు కోర్టుల్లో ఎదురుదెబ్బలు తగులుతుంటాయి. నువ్వు తెచ్చిపెట్టుకున్న కష్టమే కదా అంటాయి. కొనుగోలు ఒప్పందంలోనే, నగరం అనుమతిస్తేనే కొంటాం అన్న షరతు పెట్టుకోవడం ఇందుకే.

ఎన్నికల వేళ ఇంకో గీత ఉంది. పన్ను మినహాయింపు పొందే సంస్థ అభ్యర్థికి అనుకూలంగానో ప్రతికూలంగానో ప్రచారం చేయరాదని 1954లో సెనేటర్‌గా ఉన్న లిండన్ జాన్సన్ పెట్టించిన నిబంధన అది. ఆరాధనలో భాగంగా భక్తులతో చెప్పే మాటలకు ఇది వర్తించదని పన్నుల శాఖ 2025 జూలైలో టెక్సస్‌లో ఒక కేసులో ఒప్పుకుంది. దాన్ని నమ్ముకుని అభ్యర్థిని వేదికెక్కించి సన్మానించే కమిటీలు ఉంటే జాగ్రత్తపడటం మంచిది. నిబంధన చట్టంలో అలాగే ఉంది. శాఖ వ్యాఖ్యానం మారినంత తేలిగ్గా మళ్లీ మారగలదు.

మిగతా సగం

భారత రాజ్యాంగం 30(2) అధికరణం, సాయం ఇచ్చేటప్పుడు మైనారిటీల యాజమాన్యంలో ఉందన్న కారణంతో ఏ విద్యాసంస్థపైనా వివక్ష చూపరాదంటుంది. ట్రినిటీ లూథరన్ నుంచి కార్సన్ దాకా అమెరికా కోర్టు కష్టపడి చేరుకున్న చోటుకు ఇది చాలా దగ్గర. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలకు, విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాలకు ఎయిడెడ్ హోదా దక్కితే ఇక్కడెవరూ గోడ కూలిందని గుండెలు బాదుకోలేదు. ఆ నిశ్చింతకు కారణం పక్కనే ఉన్న 28(3). గుర్తింపు గానీ సాయం గానీ పొందే ఏ సంస్థలోనూ విద్యార్థిని, మైనరైతే సంరక్షకుల సమ్మతి లేకుండా, మతబోధనకో ఆరాధనకో కూర్చోబెట్టకూడదు. 29(2) ప్రకారం సాయం పొందే సంస్థ కేవలం మతం, కులం, భాష చూసి సీటు నిరాకరించకూడదు. మైనారిటీ సంస్థలకు సొంతవాళ్ల కోసం కొన్ని సీట్లు ఉంచుకునే వెసులుబాటును కోర్టులు ఇచ్చాయి గానీ, 28(3)లో ఆ సడలింపు లేదు. ఈ మూడూ ఒకే కట్టు. సొమ్ము తీసుకో, పిల్లవాడి మనసు జోలికి పోకు. అన్ని బడుల్లోనూ ఇది అక్షరాలా అమలవుతోందని కాదు. అడగడానికి మాత్రం హక్కుంది.

కార్సన్ తీర్పు 30(2)కు సాటివచ్చేదాన్ని తెచ్చింది, 28(3)కు సాటివచ్చేదాన్ని తేలేదు. ప్రైవేటు బడి ప్రభుత్వం కాదు కాబట్టి 1962 నాటి ప్రార్థన తీర్పు దానికి వర్తించదు. సర్కారు సొమ్ము తీసుకున్నా అంతే. రక్షణ కావాలంటే రాష్ట్రాలు చట్టంలో రాసుకోవాలి. రాసుకున్న మెయిన్ రాష్ట్రం కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. తెలుగు కుటుంబాలు దండిగా ఉన్న టెక్సస్ దీనికి ఎదురు దారి పట్టింది. 2025లో చేసిన చట్టం ప్రకారం 2026-27 విద్యాసంవత్సరం నుంచి వంద కోట్ల డాలర్లతో విద్యా పొదుపు ఖాతాలు మొదలవుతాయి. ప్రైవేటు బడిలో చేరే పిల్లవాడికి ఏటా సుమారు 10 వేల డాలర్లు. సొమ్ము తీసుకున్నంత మాత్రాన బడి ప్రభుత్వ సంస్థ కాబోదని, తన మత నియమాలనూ ప్రవేశ విధానాన్నీ మార్చుకోనక్కరలేదని చట్టమే హామీ ఇచ్చింది.

అందువల్ల డాలస్ శివార్లలో మంచి ర్యాంకుల క్రైస్తవ బడి చూసి, ఖాతా సొమ్ముతో బిడ్డను చేర్పించాలనుకునే తల్లిదండ్రులు సంతకానికి ముందు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. వారంలో ఎన్నిసార్లు చాపెల్ (బడిలో జరిగే ప్రార్థన సభ), హాజరు తప్పనిసరా? బైబిలు పాఠానికి మార్కులు ఉంటే అవి మొత్తం గ్రేడులో కలుస్తాయా? తల్లిదండ్రులు విశ్వాస ప్రకటన మీద సంతకం చేయాలా? చేశాక ఇంట్లో పూజ చేసుకుంటారని తెలిస్తే సీటు ఉంటుందా? ఏడాది మధ్యలో మానిపిస్తే ఖాతాలోంచి కట్టిన ఫీజులో ఎంత వెనక్కి వస్తుంది? జవాబులు నోటిమాటగా కాక స్కూలు హ్యాండ్‌బుక్‌లో ఏ పేజీలో ఉన్నాయో చూపించమనాలి. రేపు తగవొస్తే అమెరికా కోర్టు చూసేది ఆ పేజీనే.